సీఎఫ్ బాబుకి కుడివైపు కడుపునొప్పి: అపెండిక్స్ అంటున్నారు, డయోస్ ఏమో?

నరసరావుపేట_అమ్మ | శనివారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్తే. మా బాబుకి 11 ఏళ్ళు, బరువు 27 కిలోలు. నాలుగో ఏట చెమట పరీక్షలో సీఎఫ్ (సిస్టిక్ ఫైబ్రోసిస్, ఒంట్లో జిగురు చిక్కబడే పుట్టు జబ్బు) అని తేలింది. క్లోమం పనిచేయదు కాబట్టి తిండితోపాటు క్రియాన్ అనే ఎంజైమ్ క్యాప్స్యూల్ వేస్తాం. ఊపిరితిత్తుల వరకు ఈ ఏడాది బాగానే ఉన్నాడు, నెబ్యులైజర్ మానలేదు.

మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్ళొచ్చాం. ఎండలు తెలుసుగా. వీడు పిల్లలతో కలిసి పందిట్లో పొద్దస్తమానం గంతులు. తిండీ ఎప్పుడు పడితే అప్పుడే, నేతి బొబ్బట్లు, గారెలు చేత్తో పట్టుకుని తిరిగాడు. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి బొడ్డు చుట్టూ నొప్పన్నాడు, ఇప్పుడు కుడివైపు కింద అంటున్నాడు. కడుపు ఉబ్బింది. అన్నం వద్దంటున్నాడు. విరేచనం మాత్రం రోజూ కొంచెం కొంచెం అవుతోంది. నొప్పి ఉన్నచోట మెల్లగా నొక్కితే లోపల గట్టిగా ఏదో చేతికి తగులుతోంది.

ఇక్కడ స్కాన్ తీశారు. అపెండిక్స్ లావుగా ఉంది, రేపు పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. సీఎఫ్ అని చెప్పాను. "అది ఊపిరితిత్తుల జబ్బు కదమ్మా" అన్నారు. హైదరాబాద్‌లో మేం చూపించుకునే డాక్టరుగారు ప్రయాణంలో ఉన్నారట, ఫోన్ కలవడం లేదు. ఇది డయోస్ (సీఎఫ్ వాళ్ళకి పేగులో మలం గట్టిపడి అడ్డం పడటం) ఏమో అని నా భయం. ఎవరి పిల్లలకైనా ఇలా అయిందా?


డల్లాస్_నాన్న | 6:52

అండీ, ముందు ఈ రెండూ చెప్పండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. వాంతులయ్యాయా? అయితే ఏ రంగు? పసరు కక్కుతున్నాడంటే ఇక్కడ టైప్ చేస్తూ కూర్చోకండి, వెంటనే పెద్దాసుపత్రికి బయల్దేరండి. రెండోది, గ్యాస్ పోతోందా?


నరసరావుపేట_అమ్మ | 6:58

ఒకసారి అయింది, తాగిన మజ్జిగే వచ్చింది. పసరు లేదు. గ్యాస్ పోతోంది, తక్కువగా. జ్వరం 99 ఉంది.


లాలాపేట్_పోరడు | 7:05

అక్కా, నాకు 27 ఏండ్లు, నేనూ సీఎఫే. నువ్వు రాసింది చదువుతుంటే నా కడుపే నొస్తున్నట్టుంది. అచ్చం గిట్లనే అయితది డయోస్. చిన్నపేగు ముగిసి పెద్దపేగు మొదలయ్యే కాడ, అంటే కుడిదిక్కు కిందనే, జిగట, అరగని కొవ్వు, మలం అన్నీ కలిసి గట్టిపడి అడ్డం పడతయి. అపెండిక్స్ ఉండేదీ ఆడనే. అందుకే తెల్వనోళ్ళకు రెండూ ఒకటే లెక్క కొడతయి.

నాకు ఇంటర్‌ల ఉన్నప్పుడు ఫస్టుసారి అయ్యింది. ఒక దవాఖానల థియేటర్ దాకా తోల్కపోయిన్రు. అప్పుడే డ్యూటీ ఎక్కిన ఒక జూనియర్ డాక్టరమ్మ ఫైల్ తిరగేసి "సీఎఫ్ పేషెంట్‌కు ఎక్స్‌రే ఎందుకు తియ్యలే" అని అడిగింది. ఎక్స్‌రే తీసిన్రు. కోసుడు ఆగింది. పేరు సరిగా అడగకనే పోయిన గానీ ఆమెకు ఇప్పటికీ దండం పెట్టుకుంటా.

నువ్వైతే పరేషాన్ గాకు. కానీ పొద్దున దాకా ఆగకు కూడా. నిలబడి తీసే కడుపు ఎక్స్‌రే, రక్తంల సోడియం, పొటాషియం, ఈ రాత్రికే అడుగు.


ఏలూరు_పిన్నిగారు | 7:11

అమ్మాయ్, మా మనవరాలికి ఈ జబ్బే. కడుపు బిగిస్తే మా అత్తగారి కాలం నుంచీ ఆముదమే. వేడినీళ్ళలో రెండు చెంచాలు పట్టించు, తెల్లారేసరికి ఖుల్లాసాగా అయిపోతుంది. లేదంటే ఇసబ్గోలు. దీనికే ఆసుపత్రి అంటే పిల్లాడు బెదిరిపోతాడు.


పిల్లల_గ్యాస్ట్రో | 7:24

పిన్నిగారూ, దయచేసి వద్దు. ఈ బాబుకి ఇవాళ ఆముదమూ వద్దు, ఇసబ్గోలూ వద్దు. దారి మూసుకుపోయి ఉన్నప్పుడు పేగుని బలవంతంగా పిండే మందు వేస్తే నొప్పి పెరుగుతుంది, పేగు చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. ఇసబ్గోలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, అసలే నీరు చాలని పేగులో అది ఇంకో ముద్ద అవుతుంది.

అమ్మగారికి: బాబుని చూడకుండా ఫలానా అని నిర్ధారించలేను. కానీ మీరు చెప్పినవన్నీ ఒక చోటికి చేరుస్తున్నాయి. క్లోమం పనిచేయని సీఎఫ్, ఎండలో చెమట, కొవ్వు తిండి, కొద్దిరోజుల్లో ముదిరిన నొప్పి, కుడివైపు కింద ముద్ద. యూరప్ పిల్లల గ్యాస్ట్రో సంఘం వాళ్ళ నిర్వచనం ప్రకారం ఇది సగం మూసుకున్న డయోస్ కావచ్చు. పసరు వాంతులు, ఎక్స్‌రేలో గాలీ నీరూ మట్టాలు కనిపిస్తే పూర్తిగా మూసుకున్నట్టు. మామూలు మలబద్ధకం ఇలా ఉండదు. అది వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది, మలం పెద్దపేగు పొడవునా నిండుతుంది. డయోస్ రోజుల్లో వస్తుంది, ఒకే చోట బిగుస్తుంది.

రోజూ విరేచనం అవుతోంది కదా అని ఊరట పడకండి. ముద్ద పక్కనుంచి, లేదా ముద్దకి దిగువనున్న పాత మలం వస్తూనే ఉంటుంది.

ఎందుకొస్తుందంటే: సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ ఊపిరితిత్తుల్లోనే కాదు, పేగు గోడలోనూ ఉంటుంది. క్లోరైడునీ బైకార్బొనేటునీ పేగులోకి వదలడం దాని పని, వాటి వెంట నీరు వస్తుంది. అది పాడైతే పేగులో తడి తగ్గుతుంది, జిగురు చిక్కబడుతుంది. పైగా ఎంజైమ్ చాలక అరగని కొవ్వు చిన్నపేగు చివరిదాకా వస్తే పేగు తన కదలికని తానే నెమ్మది చేసుకుంటుంది. దీనికి ఎండ తోడైంది. సీఎఫ్ పిల్లల చెమటలో ఉప్పు మామూలు కంటే ఎన్నో రెట్లు పోతుంది. సోడియం, పొటాషియం రెండూ పడిపోతాయి. పొటాషియం పడిపోతే పేగు కండరం ఇంకా మందగిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: నోటికి తిండి ఆపండి. డైసైక్లోమిన్ ఉన్న కడుపునొప్పి మాత్ర గానీ ఇంజెక్షన్ గానీ ఎవరైనా ఇచ్చారేమో చూడండి, అది పేగు కదలికని తగ్గిస్తుంది. మన దగ్గర కడుపునొప్పి అనగానే చేతికొచ్చేది అదే. సెలైన్ ఎక్కించగల, పిల్లల సర్జన్ ఉన్న చోటికి ఈ రాత్రికే చేరండి. గుంటూరు మీకు దగ్గరే. అక్కడి డ్యూటీ డాక్టరుతో నేను మాట్లాడతాను, మెసేజ్ పెట్టండి.


లెక్కల_మాస్టారు | 7:40

క్షమించాలి, ఒక సందేహం. మా పాప సీఎఫ్ క్యారియర్ మాత్రమే (జన్యువు ఉంది, జబ్బు లేదు), నేను నేర్చుకుందామని చదువుతుంటాను. స్కాన్‌లో అపెండిక్స్ లావుగా ఉందని కంటితో చూసి చెప్పారు కదా. ఇంటర్‌నెట్‌లో మనం నలుగురం కలిసి ఆపరేషన్ ఆపించి, రేపు అది పగిలితే బాధ్యత ఎవరిది? సర్జన్‌ని మరీ తీసిపారేస్తున్నామేమో.


పిల్లల_గ్యాస్ట్రో | 7:49

అడగాల్సిన ప్రశ్నే మాస్టారూ. ఆపరేషన్ ఆపమని నేను అనలేదు, సర్జన్ ఉన్న చోటికే వెళ్ళమన్నాను.

స్కాన్ సంగతి: మామూలు పిల్లల్లో అపెండిక్స్ 6 మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తాం. సీఎఫ్ పిల్లల్లో ఏ జబ్బూ లేకపోయినా అది జిగురుతో నిండి అంతకంటే లావుగా ఉంటుంది. కాబట్టి ఒట్టి లావు చూసి తేల్చలేం. చుట్టూ వాపు ఉందా, నీరు చేరిందా, తెల్లకణాలు పెరిగాయా, కడుపు నొక్కి చెయ్యి తీసినప్పుడు నొప్పి ఎగదన్నుతోందా, ఇవన్నీ కలిపి చూడాలి. సీఎఫ్‌లో అపెండిసైటిస్ మామూలు జనం కంటే తక్కువే. అయితే వచ్చినప్పుడు ఇంకేదో అనుకుని ఆలస్యం చేస్తారు, చీము పట్టాక బయటపడుతుంది. అదీ నిజమే. చిన్నపేగు పెద్దపేగులోకి దూరిపోవడం కూడా సీఎఫ్ పిల్లల్లో చూస్తాం, దానికీ నొప్పి ఇక్కడే. అందుకే ఫోన్లో తేలదంటున్నాను.


డల్లాస్_నాన్న | 7:58

డాక్టరుగారి మాటకి ఇంకొకటి కలుపుతాను. మా పాప మెకోనియం ఇలియస్‌తో పుట్టింది. సీఎఫ్‌తో పుట్టే పిల్లల్లో ఇంచుమించు అయిదారుగురిలో ఒకరికి ఇలా తొలి మలమే పేగులో అడ్డం పడుతుంది. పుట్టిన వెంటనే ఆపరేషన్ అయింది. ఆరేళ్ళప్పుడు మళ్ళీ కడుపు ఉబ్బితే మేమంతా డయోస్ అనే అనుకున్నాం, పేగు కడిగే పెగ్ ద్రావణం మొదలుపెట్టారు. తగ్గకపోగా పసరు మొదలైంది. చివరికి చూస్తే పాత ఆపరేషన్ తాలూకు అతుకు ఒకటి పేగుకి ఉరిలా చుట్టుకుంది. అది మందుతో పోయేది కాదు, కోసి విడదీశారు. కాబట్టి కడుపు మీద పాత కుట్లున్న పిల్లలైతే ఆ మాట మొదటి వాక్యంలోనే డాక్టరుకి చెప్పండి.

అమ్మగారూ, బయల్దేరారా?


నరసరావుపేట_అమ్మ | 8:20

కారులో ఉన్నాం. పాత ఆపరేషన్ ఏదీ లేదు. మధ్యాహ్నం ఇచ్చిన మాత్ర మీద డైసైక్లోమిన్ అనే ఉంది డాక్టరుగారూ, ఇప్పుడు చూశాను. ఇంకొకటి వెయ్యను.


ఎక్స్‌రే_గది | 9:15

నేను రేడియాలజీ టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు. మనవాళ్ళు ఎక్స్‌రే కవరు చేతిలో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు కాబట్టి కంటికి ఏం కనిపిస్తుందో రాస్తాను.

నిలబెట్టి తీసిన ఫిల్ములో పేగు పూర్తిగా మూసుకుపోయి ఉంటే మధ్యలో అడ్డంగా సమంగా గీతలు కనిపిస్తాయి, ఒకదాని కింద ఒకటి. కింద నీరు తెల్లగా, పైన గాలి నల్లగా. సగం మూసుకుంటే ఆ గీతలుండవు. కుడి తుంటి ఎముక పైన బుడగలు బుడగలుగా, గరుకుగా మచ్చ కనిపిస్తుంది. అది గాలి ఇరుక్కున్న మలం. ఎడమవైపు పెద్దపేగు దాదాపు ఖాళీగా ఉంటుంది. మలబద్ధకం పిల్లల ఫిల్ములో ఆ బుడగల మచ్చ కుడినుంచి ఎడమదాకా, కింది వరకూ పరుచుకుని ఉంటుంది. పడుకోబెట్టి తీస్తే నీటి మట్టాలు కనపడవు, కాబట్టి పిల్లాడు నిలబడలేకపోతే కనీసం పక్కకి తిప్పి తియ్యమనండి. రాత్రి డ్యూటీలో హడావిడిగా పడుకోబెట్టి ఒకటి కొట్టేసి పంపడం చాలాచోట్ల ఉన్నదే.


నరసరావుపేట_అమ్మ | 11:35

గుంటూరులో చేర్చుకున్నారు. ఎక్స్‌రేలో నీటి గీతలు లేవు. కుడివైపు మచ్చ ఉంది, పైన రాసినట్టే. సోడియం 128, పొటాషియం 2.9. తెల్లకణాలు కాస్తే పెరిగాయి. సర్జన్ గారు వచ్చి చూసి, ఇప్పటికి కోసే పని లేదు, ఆరారా వచ్చి కడుపు చూస్తానన్నారు. గ్యాస్ట్రో డాక్టరుగారు ఇక్కడి డ్యూటీ డాక్టరుతో చాలాసేపు మాట్లాడారు, ఆయనకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ముందు సెలైన్, అందులో పొటాషియం ఎక్కిస్తున్నారు. ఆ తర్వాత పెగ్ ద్రావణం. "ఎనీమా ఇచ్చేస్తే సరిపోదా" అని మావారు అడుగుతున్నారు.


పిల్లల_గ్యాస్ట్రో | 11:44

మామూలు ఎనీమా గానీ గ్లిజరిన్ బత్తి గానీ పెద్దపేగు చివరి జానెడు వరకే పనిచేస్తాయి. అడ్డం ఉన్నది ఆ పై చివర, చిన్నపేగు ముఖద్వారం దగ్గర. అందుకే వాంతులు లేనంత వరకు పైనుంచే కడగాలి.

పెగ్ ద్రావణాన్ని పేగు పీల్చుకోదు, అందులో లవణాలు కలిపి ఉంటాయి కాబట్టి ఒంట్లో నీటినీ లాగదు. పైనుంచి పోసింది పోసినట్టు ముద్దని నానబెట్టి తోసుకుంటూ కిందికి పోతుంది. ఆసుపత్రిలో కిలో బరువుకి గంటకి 20 నుంచి 40 మిల్లీలీటర్లు, ఎంత పెద్దవాళ్ళకైనా గంటకి లీటరు మించకుండా ఇస్తారు. మీవాడికి తక్కువలోనే, గంటకి అర లీటరు దగ్గర మొదలుపెడతారు. కిందినుంచి లేత పసుపు నీళ్ళలా తేటగా వచ్చి, ముద్ద కరిగి, నొప్పి పోయేదాకా. తాగలేకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు.

గ్యాస్ట్రోగ్రాఫిన్ అని ఇంకొకటుంది. అది రక్తం కంటే ఎన్నో రెట్లు చిక్కన, చుట్టుపక్కల నీటినంతా పేగులోకి గుంజుతుంది. బాగా పనిచేస్తుంది, కానీ అసలే నీరు ఓడిన పిల్లాడికి సెలైన్ లేకుండా ఇస్తే బీపీ పడిపోతుంది. పసరు వాంతులు మొదలైన వాళ్ళకి పైనుంచి ఏదీ పోయరు. ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్‌తో కడుపు ఖాళీ చేసి, ఎక్స్‌రే చూస్తూ కిందినుంచి ఆ మందు ఎక్కిస్తారు. అప్పటికీ తగ్గకపోతేనే సర్జరీ. సకాలంలో వస్తే సర్జరీ దాకా పోయేవాళ్ళు కొద్దిమందే.


లాలాపేట్_పోరడు | రాత్రి 12:10

ఆ పెగ్ తాగుడు గురించి నేను చెప్తా, డాక్టర్లకు తెల్వదు. పొట్లం రెండు లీటర్ల నీళ్ళల్ల కలుపుతరు. రుచి ఉప్పుగా, జారుడుగా, నోట్ల నూనె రాసినట్టు ఉంటది. మొదటి రెండు గ్లాసులు పోతయి. మూడోది చూడంగనే వాంతి కొస్తది. బాగ సల్లగ చెయ్యి, ఫ్రిజ్‌ల పెట్టించు. స్ట్రా నాలుక ఎనకకు పెట్టి తాగమను. గ్లాసు గ్లాసుకు మధ్య ఒక నిమ్మతొన నాకనియ్యి, డాక్టర్‌ను అడిగి. అటూ ఇటూ నడిపియ్యి, కూసుంటే ఉబ్బుతది. గొట్టం వేస్తమంటే ఏడుస్తడు గానీ నా మాట విను, ఐదో గ్లాసు కాడ బతిమాలుకునుడు కంటే గొట్టమే సుఖం. నేను ఇప్పుడు పోంగనే గొట్టం వెయ్యుమని నేనే అంట.

ఇంకోటి, బాత్రూం పక్కన ఉన్న మంచం అడుగు. ఇది మజాక్ కాదు.


ఏలూరు_పిన్నిగారు | ఆదివారం, ఉదయం 5:30

రాత్రంతా నిద్ర పట్టలేదమ్మాయ్. పిల్లాడెలా ఉన్నాడు? ఆముదం సంగతి మా కోడలితో చెప్పాను, "నేను మొదటినుంచీ అదే అంటున్నానుగా అత్తయ్యా" అంది. ఇప్పుడు దాని ముందు నేను నోరెత్తే పని లేకుండా చేశారు మీరంతా.


నరసరావుపేట_అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

గొట్టమే వేశారండీ, మూడో గ్లాసుకే చేతులెత్తేశాడు. తెల్లవారుజాము దాకా ఏమీ కాలేదు, పైగా ఉబ్బరం పెరిగింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సర్జన్ గారు వచ్చి చూసి "కడుపు మెత్తగానే ఉంది, కానివ్వండి" అన్నారు. నాలుగున్నరకి మొదలైంది. మొదట నల్లటి ముద్దలు, బంకగా, బేసిన్‌కి అతుక్కుపోయి నీళ్ళు పోసినా కదలవు, పైన నూనె తెట్టు. తర్వాత ముక్కలు ముక్కలుగా, ఆ తర్వాత చిక్కటి పప్పు నీళ్ళు, ఇప్పుడు లేత పసుపు నీళ్ళు. ఆ గట్టి ముద్ద చేతికి తగలడం లేదు. పొటాషియం 3.6కి వచ్చింది. ఇడ్లీ కావాలంటున్నాడు!


డల్లాస్_నాన్న | 1:22

ఇడ్లీ అడిగాడా, ఇంకేం! మా ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం ఇంకో ఎక్స్‌రే తీయమని అడగండి, పూర్తిగా ఖాళీ అయిందో లేదో తెలుస్తుంది. సగంలో ఆపేస్తే మళ్ళీ అక్కడే పేరుకుంటుంది.


లీడ్స్_డైటీషియన్ | 3:40

ఆలస్యంగా చూశాను. బాబు తేరుకున్నందుకు సంతోషం. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ కాబట్టి ఇంటికెళ్ళాక ఏం చేయాలో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

పీచు పెంచమని చాలామంది చెబుతారు. డయోస్‌ని పీచు ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కూరలు తిననివ్వండి, దానికోసమని పొట్టూ ఊకా పెట్టకండి. కొవ్వు తగ్గించమని ఇంకొందరంటారు. అది అసలు వద్దు. సీఎఫ్ పిల్లలకి ఆ కేలరీలు కావాలి. బొబ్బట్టు తినొచ్చు, నెయ్యి వేసుకునే తినొచ్చు, క్యాప్స్యూల్ పడాలి, అంతే. పెళ్ళిళ్ళలో చిక్కేమిటంటే పిల్లలు ఒక చోట కూర్చుని తినరు, గంటకో పిండివంట నోట్లో వేసుకుంటారు. కొవ్వున్న ప్రతి చిరుతిండికీ ఎంజైమ్ కావాలి. జేబులో చిన్న డబ్బా పెట్టి పంపడమే దారి.

ఆ డబ్బా గురించే ఇంకో మాట. క్రియాన్‌ని 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. పల్నాడు ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద, విడిది గదిలో కిటికీ పక్కన సంచిలో ఉంచితే ఎంజైమ్ సత్తువ పోతుంది. పైకి క్యాప్స్యూల్ బాగానే కనిపిస్తుంది. అడుగుతున్నానని కాదు గానీ, మీ సంచి ఎక్కడుంది?


నరసరావుపేట_అమ్మ | 3:55

కారు డిక్కీలో. పెళ్ళి అయినంతసేపూ.


లెక్కల_మాస్టారు | 4:10

అయితే ఇక నుంచి క్యాప్స్యూళ్ళు రెట్టింపు చేస్తే సరిపోతుందిగా? ఎంజైమ్ చాలకే కదా ఇదంతా.


లీడ్స్_డైటీషియన్ | 4:31

కాదండీ. 1994లో ఇంగ్లండులో కొందరు సీఎఫ్ పిల్లలకి పెద్దపేగు గోడ మందమై ఇరుకైపోయింది. వాళ్ళంతా అప్పుడే కొత్తగా వచ్చిన బాగా శక్తిమంతమైన ఎంజైమ్ క్యాప్స్యూళ్ళు వాడుతున్నవాళ్ళు. అప్పటినుంచే పరిమితి పెట్టారు. లైపేజ్ (కొవ్వుని అరిగించే ఎంజైమ్) లెక్కలో రోజుకి కిలో బరువుకి 10,000 యూనిట్లు, ఒక పూటకి కిలోకి 2,500 దాటకూడదు. అది దాటాలనిపిస్తోందంటే కారణం ఇంకెక్కడో ఉంది. భోజనం చివర్లో వేస్తున్నారా, నములుతున్నారా, మందు ఎండకి పాడైందా, అవి చూడాలి.


లెక్కల_మాస్టారు | 4:38

27 కిలోలకి రోజుకి 2,70,000. క్రియాన్ 25,000 అయితే పది, పదకొండోది పట్టదు. పూటకి 67,500, అంటే మూడు వేస్తే దాటిపోతుంది. రెట్టింపు మాట వెనక్కి తీసుకోవాల్సిందే, లెక్క ఒప్పుకోవడం లేదు.


పిల్లల_గ్యాస్ట్రో | 5:05

ఇంటికి పంపేటప్పుడు రోజువారీ పెగ్ పొడి రాస్తారు. కిలోకి అర గ్రాము నుంచి ఒక గ్రాము, ఎంతైనా రోజుకి 40 గ్రాములు మించకుండా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు. విరేచనం బాగానే అవుతోందని మధ్యలో మీకై మీరు ఆపకండి. లాక్ట్యులోజ్ సిరప్ మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, కానీ అది గ్యాస్ పుట్టించి ఉబ్బరం పెంచుతుంది, నాకు అంత ఇష్టముండదు.

నీళ్ళు, ఉప్పు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 1948లో న్యూయార్క్‌లో వడగాలులు వీచినప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికొచ్చిన పసివాళ్ళలో సీఎఫ్ పిల్లలు ఎక్కువమంది కనిపించారు. ఎందుకా అని ఆరా తీసిన డాక్టర్ పాల్ డి సాంట్ అన్యేసే వాళ్ళ చెమటలోనే ఉప్పు ఎక్కువని 1953లో వెల్లడించారు. మీవాడికి చేసిన చెమట పరీక్షకి మూలం అదే. న్యూయార్క్ ఎండకే అలా అయితే రెంటచింతల ఎండ సంగతి చెప్పాలా! వేసవిలో ఉప్పు ఎంత అదనంగా ఇవ్వాలో మీ సీఎఫ్ డాక్టరు బరువుని బట్టి రాసిస్తారు, అడిగి రాయించుకోండి. ఉత్త మంచినీళ్ళు మాత్రమే పట్టిస్తే సోడియం ఇంకా పలచబడుతుంది.


టొరంటో_కొత్తఊపిరి | 6:20

నాకు ఊపిరితిత్తుల మార్పిడి జరిగింది. డయోస్ పెద్దవాళ్ళలోనూ బాగానే వస్తుంది, మార్పిడి తర్వాత మొదటి రోజుల్లో మరీనూ. నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మందులు పేగుని పడుకోబెడతాయి, మంచం మీదనుంచి కదలం, తిండి ఉండదు. నన్ను ఆపరేషన్‌కి ముందే పెగ్‌తో సిద్ధం చేశారు, తర్వాత నోటితో తాగగలిగిన రోజునుంచే మళ్ళీ మొదలుపెట్టారు. ఏ ఆపరేషన్‌కి వెళ్ళే సీఎఫ్ వాళ్ళయినా, చెయ్యి విరిగి కట్టు కట్టించుకోవడానికైనా సరే, "పేగు సంగతి ఏం చేస్తున్నారు" అని మత్తు డాక్టరుని ముందే అడగండి.


కరీంనగర్_కొత్తమెంబర్ | 7:02

నమస్తే, ఈ మధ్యనే చేరిన. మా పాపకు రెండేండ్లు. ట్రైకాఫ్టా అనే కొత్త సీఎఫ్ మందు వాడితే ఈ పేగు బాధ కూడా పోతదా?


డల్లాస్_నాన్న | 7:30

ఇక్కడ 2019 అక్టోబర్‌లో ఆమోదించారు, మొదట 12 ఏళ్ళు దాటినవాళ్ళకి. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకి 2023లో వచ్చింది, మా పాప అప్పటినుంచీ వాడుతోంది. దగ్గు, బరువు విషయంలో నమ్మలేనంత తేడా. పేగు విషయంలో మాత్రం మా డాక్టరు పెగ్ ఆపనివ్వలేదు. మందు వేసుకుంటున్నవాళ్ళకీ డయోస్ వస్తూనే ఉంది. పాడైపోయిన క్లోమం చాలామందిలో తిరిగి పనిచేయదు కాబట్టి ఎంజైములూ తప్పవు. అదీగాక జన్యుమార్పు ఏదో తెలియకుండా ఆ మందు పనిచేస్తుందో లేదో చెప్పలేరు. అమెరికాలో ఎక్కువమందికి ఉండే ఎఫ్508డెల్ అనే జన్యుమార్పు మనవాళ్ళలో అంత ఎక్కువగా కనపడదు.


లాలాపేట్_పోరడు | 7:41

చెల్లె, పాపకు జన్యుపరీక్ష చేయించినవా? లేకపోతే ముందు అది. 2021ల కేంద్రం తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంల సీఎఫ్ పేరు ఉంది. హైదరాబాద్‌ల నిమ్స్ దవాఖాన, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ సంస్థ కలిసి అందులో ఒక కేంద్రం. ఆడికి పోయి పేరు రాయించుకో. మందు చేతికొచ్చుడు వేరే ముచ్చట, నాకింకా రాలే. కానీ లిస్టుల లేకపోతే అడిగేటోడే ఉండడు.


నరసరావుపేట_అమ్మ | సోమవారం, ఉదయం 9:10

రెండో ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, ఇవాళ ఇంటికి పంపుతామన్నారు. నాకు ఇంకొక్క సాయం కావాలి. శనివారం నాడు "ఊపిరితిత్తుల జబ్బు కదమ్మా" అన్నప్పుడు చేతిలో ఏ కాగితమూ లేక మాట పెగల్లేదు. బ్యాగులో పెట్టుకోవడానికి నాలుగు ముక్కలు ఎవరైనా రాసిపెడతారా? స్కూల్లో కూడా ఒకటి ఇస్తాను.


పిల్లల_గ్యాస్ట్రో | 9:48

ఇది మీ సీఎఫ్ డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం పెట్టించండి:

"ఈ బాలుడికి సిస్టిక్ ఫైబ్రోసిస్, క్లోమం పనిచేయదు. ఒకసారి డయోస్ వచ్చింది. కడుపునొప్పి, ఉబ్బరం ఉంటే దయచేసి నిలబెట్టి కడుపు ఎక్స్‌రే, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ పరీక్షలు చేయించండి. స్కాన్‌లో అపెండిక్స్ లావు ఒక్కటే ఆధారంగా నిర్ణయించవద్దు. డైసైక్లోమిన్, లోపరమైడ్, మార్ఫిన్ జాతి మందులు వీలైనంత వరకు ఇవ్వవద్దు. ముందు సెలైన్‌తో నీరు, లవణాలు సరిచేయండి. పసరు వాంతులు లేకుంటే పెగ్ ద్రావణం. పసరు వాంతులు, గట్టిపడిన కడుపు, జ్వరం ఉంటే వెంటనే సర్జన్‌ని పిలవండి."

కింద ఆయన నంబరు, మీ నంబరు, బరువు, రోజూ వాడే మందులు. బరువు ఆర్నెల్లకోసారి మార్చండి.


ఏలూరు_పిన్నిగారు | 10:05

దీన్ని మా కోడలు ఫోన్లో దాచుకుంది. డాక్టర్ బాబూ, ఉప్పు కావాలంటున్నారు కదా, అయితే మా మనవరాలికి మాగాయ పెట్టొచ్చా? అది అన్నం కంటే మాగాయే ఎక్కువ తింటుంది, ఇన్నాళ్ళూ వద్దని చేతి మీద కొడుతున్నాను.


లీడ్స్_డైటీషియన్ | 10:22

పెట్టండి పిన్నిగారూ. వేసవిలో మరీనూ. కాకపోతే మాగాయలో నూనె ఉంది, మీరు పైన ఇంకో గరిటె నూనె వేసి కలుపుతారని కూడా నాకు తెలుసు. ఆ ముద్దకీ క్యాప్స్యూల్ లెక్కే, మొదటి ముద్దతోనే వెయ్యండి. పక్కన చెంబుడు ఉప్పు మజ్జిగ.


ఏలూరు_పిన్నిగారు | 10:25

నువ్వు ఏ ఊరమ్మాయివే?


లీడ్స్_డైటీషియన్ | 10:27

తణుకు. ఈసారి వచ్చినప్పుడు ఒక జాడీ నాక్కూడా ఉంచండి.